కిలోమీటరు రాళ్ళ పరీక్షలో నెగ్గిన బండి

1998 జూన్‌లో నన్ను మాదాపూర్, కొండాపూర్‌ల మధ్య వేయబోయే కొత్త రోడ్డు కోసం ఏర్పాటైన ప్రత్యేక సర్వే బృందానికి వేశారు. అప్పటికి నేను సర్వేయరుని. నా పైన డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ నరసింహారెడ్డి గారు, నా కింద చైన్‌మన్ మల్లయ్య. చైన్‌మన్ అంటే కొలత గొలుసు పట్టే మనిషి. తెలంగాణలో ఆ గొలుసు పొడవు ముప్పై మూడడుగులు. అంత పొడవు, అంతే వెడల్పు ఉన్న నేలను గుంట అంటారు. మల్లయ్యది మెదక్ జిల్లా. నాకంటే పన్నెండేళ్ళు పెద్దవాడు. నేను కాలేజీలో చదువుకుంటున్న రోజుల నుంచీ గొలుసు లాగుతున్నాడు కనుక, నేల మీద నాకు కనిపించనివి కొన్ని అతనికి కనిపించేవి.

మా పని చెప్పడానికి తేలిక. ఒక్కో సర్వే నంబరుకు పాతకాలంలో గీసిన కొలతల పటం ఒకటి ఉంటుంది, దాన్ని టిప్పన్ అంటారు. దాని సాయంతో హద్దులు పట్టుకుని, రోడ్డు మధ్య గీత ఎక్కడ పడుతుందో థియోడలైట్‌తో చూసి, వరుసగా రాళ్ళు పాతించాలి. థియోడలైట్ అంటే కోణాలు కొలిచే దుర్భిణి. చెక్కపెట్టెలో వస్తుంది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోవాలి, కుదుపులకు లోపలి అమరిక చెడితే ఆ రోజు కొలతలన్నీ దండగ.

అంతకు ముందు నాలుగేళ్ళు రికార్డు రూములో ఉన్నాను. చీకిపోయిన పటాల మీద పల్చటి కాగితం పరిచి నకళ్ళు తీయడమే పని. దుమ్ముకి తుమ్మి తుమ్మి నా ముక్కు శాశ్వతంగా ఎర్రబడిపోయిందని మా ఆవిడ సుభద్ర అనేది. అలాంటి నన్ను తీసుకొచ్చి ఆ గుట్టల మీద నిలబెట్టారు. ఒక పక్క గుండ్రటి కొత్త భవనానికి అద్దాలు బిగిస్తున్నారు, మరో పక్క బండలు పేలుస్తున్నారు. మేం సోమవారం రాయి పాతిన చోట గురువారానికి రోడ్డు ఆకారం తేలేది. నా ఉద్యోగ జీవితంలో పొద్దున్నే లేచి పనికి పరుగెత్తాలనిపించిన రోజులు అవే. ఈ మాట దాచుకోవడం దేనికి?

అయితే ఆ పరుగుకి నా స్కూటరు ఒప్పుకునేది కాదు. మూసాపేటలో మా కిరాయి ఇంటి ముందు దాన్ని రోజూ పక్కకి వంచి, కాసేపు అలాగే పట్టుకుని, మళ్ళీ నిలబెట్టి తన్నితే గాని స్టార్టయ్యేది కాదు. పన్నెండేళ్ళ బండి. గుట్ట మొదట్లోనే వేడెక్కి ఆగిపోయేది. జూలైలో రెండుసార్లు డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ గారు పైన రాయి దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి ఉంటే, నేను కింద స్కూటరుని పడుకోబెట్టి లేపుతూ కనిపించాను.

ఆఫీసు జీపు ఒక్కటే. అది అధికారులకే సరిపోయేది కాదు. ఒక శనివారం నరసింహారెడ్డి గారు సర్వేయర్లందరినీ పిలిచి, ఫీల్డులో ఉండేవాళ్ళ పేర్లు మంగళవారం పైకి పంపుతున్నానన్నారు. సొంత బండి మీద చైన్‌మన్‌నీ పెట్టెనీ ఎక్కించుకుని ఏడున్నరకల్లా గుట్ట పైకి చేరగలిగినవాళ్ళ పేర్లే అందులో ఉంటాయట. ఆ మాట అందరికీ చెప్పి, చూపు మాత్రం నా మీద నిలిపారు.

“మిగిలినోళ్ళకు రికార్డు రూమ్‌ల పని మస్తుగుంది” అన్నారు. ఆ ఒక్క ముక్కతో నాకు తుమ్ము వచ్చింది.

ఆదివారం పొద్దున్నే పేపరులో చిన్న ప్రకటనల పేజీ ముందేసుకున్నాను. వంద సీసీ మోటారు సైకిలు, మూడేళ్ళ బండి, ఒకే యజమాని, మదీనాగూడ. ఆ నాలుగు ముక్కలు చదివేసరికే చేతులు ఆగలేదు. మల్లయ్య మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉండేవాడు. అతన్ని స్కూటరు వెనక ఎక్కించుకుని, దారిలో రెండుసార్లు దాన్ని పక్కకి వంచి, తొమ్మిదింటికి మదీనాగూడ చేరాను.

అమ్మే ఆయన పేరు ప్రసాద్, భీమవరం వైపు మనిషి. మందుల కంపెనీ తరఫున డాక్టర్లను కలిసే ఉద్యోగం. బొంబాయి రోడ్డు వెంబడి జహీరాబాదు దాకా ఆయన ఇలాకా. “లీటరుకి డెబ్భై అయిదు ఇస్తుందండి. నేను కంపెనీ మారి విజయవాడ వెళ్ళిపోతున్నాను కాబట్టి గాని, లేకపోతే అమ్ముదునాండి?” అన్నాడు. నల్ల బండి. ట్యాంకు మీద ఎర్ర గీత. కిక్కు ఒక్కటి కొట్టగానే, వంచడాలు బతిమాలడాలు ఏమీ లేకుండా, మెత్తగా అందుకుంది. నాకు అప్పుడే సగం పని అయిపోయింది.

కాని నేను సర్వేయరుని. మెత్తటి శబ్దం విని వస్తువు కొనేవాణ్ణి కాదని నా నమ్మకం. వాడిన బండిలో అసలు మోసం మీటరులో ఉంటుందని, తిరిగిన దూరాన్ని తగ్గించి చూపుతారని విన్నాను. మీటరు నిజం చెబుతోందంటే బండి నిజమైనదని నా లెక్క. జాతీయ రహదారి పక్కన కిలోమీటరుకొక రాయి ఉంటుంది కదా. మదీనాగూడ దగ్గరి రాయి నుంచి లింగంపల్లి దాటాక వచ్చే అయిదో రాయి దాకా పోయి, మీటరు అంకెల్ని రాళ్ళతో సరిచూస్తానని చెప్పాను. ప్రసాద్ తాళం చేతికిచ్చాడు. ముందు టైర్లలో గాలి సరిగ్గా కొట్టించమన్నాను. గాలి తగ్గితే చక్రం చుట్టుకొలత తగ్గుతుంది, కొలతలో తేడా వస్తుంది.

మల్లయ్య ఇదంతా చూసి చూసి దగ్గరికొచ్చాడు. “సార్, జర నన్ను ఎన్క కూసోవెట్టుకొని గా మన గుట్ట కాడికి పోయి సూద్దాం. మనం రోజు ఎక్కేది గదే గద” అన్నాడు.

“నువ్వు వెనక కూర్చుంటే టైరు నొక్కుకుంటుంది మల్లయ్యా. లెక్క తప్పుతుంది” అన్నాను.

“మీరు మీటర్ మీద కూసుంటరా సార్, బండి మీద కూసుంటరా?” అని, ప్రసాద్ వాళ్ళ అరుగు మీద కూర్చుని బీడీ తీశాడు.

ఆ ప్రయాణం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆదివారం కనుక రోడ్డు ఖాళీ. మొదటి రాయి దగ్గర ఆగి అంకె రాసుకున్నాను. రెండో రాయి కనుచూపులోకి వచ్చేసరికి మీటరులో చివరి తెల్ల అంకె నెమ్మదిగా పైకి జరగడం మొదలైంది. ముందు చక్రం రాయి పక్కకు వచ్చే క్షణానికి అంకె సరిగ్గా కుదురుకుంది. మూడో రాయి దగ్గరా అంతే. నాలుగో దానికి నేను గట్టిగా నవ్వాను. అయిదో రాయి దగ్గర తేడా నా లెక్క ప్రకారం గొలుసులో సగం కూడా లేదు. రోడ్డు పక్కన జామకాయలు అమ్ముతున్న ఆవిడకి, అడగకపోయినా, “చూశారా, నాలుగు కిలోమీటర్లకు పదిహేనడుగులు కూడా తేడా లేదు” అని చెప్పాను. ఆవిడ కాయలు కావాలా వద్దా అని అడిగింది. డజను కొన్నాను.

తిరిగొచ్చి బేరం కూడా సరిగ్గా ఆడలేదు. ఆర్‌సీ పుస్తకం మీద ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు సరిచూశాను. యాజమాన్యం మార్పుకి కావలసిన ఇరవై తొమ్మిది, ముప్పై నంబరు ఫారాల మీద ప్రసాద్ సంతకాలు తీసుకున్నాను. అప్పటికే ఎండ నెత్తికెక్కింది. స్కూటరుని మల్లయ్య తోసుకుంటూ, మధ్యలో నడుపుకుంటూ మూసాపేట తెచ్చాడు. నేను ముందు దర్జాగా వచ్చేశాను. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంటుంది.

సాయంత్రం సుభద్ర బండికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది. వాటిని తొక్కించి ఇద్దరం కూకట్‌పల్లి దాకా వెళ్ళొచ్చాం. “ఏవండీ, ఇది ఆగదా?” అని అడిగింది. ఆగదన్నాను. “ఒకసారి ఆపండి, ఆగితే మళ్ళీ కదులుతుందో లేదో చూస్తాను” అంది. ఆపాను. కదిలింది. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. ఆ రాత్రి నిద్రపోయే ముందు కూడా మీటరు సంగతి మరోసారి చెప్పాను. ఆవిడ అప్పటికే నిద్రపోయింది.

సోమవారం పొద్దున మల్లయ్య ఒళ్ళో థియోడలైట్ పెట్టె, భుజానికి ముక్కాలి స్టాండు. గుట్ట కింద దాకా గాలిలో తేలినట్టు వచ్చాం. పైన పద్నాలుగో రాయి దగ్గర డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ గారు నిలబడి ఉన్నారు. బండలు పేల్చినచోట మట్టి పోసి చేసిన తాత్కాలిక దారి, నిటారుగా ఉంటుంది. మొదటి గేరులో ఎక్కించాను. మూడో వంతు దూరం పోయాక ఇంజను మూలగడం మొదలుపెట్టింది. సగానికి వచ్చేసరికి వణికి, దగ్గి, ఆగిపోయింది. వెనక్కి జారుతుంటే రెండు కాళ్ళూ నేలకు తన్ని పట్టుకున్నాను. మల్లయ్య పెట్టెను గుండెలకు అదుముకుని దిగిపోయాడు. మరో రెండుసార్లు ప్రయత్నించాను. చివరికి అతను పెట్టె మోసుకుంటూ, నేను బండి తోసుకుంటూ పైకి చేరాం. టైము ఎనిమిదీ పది.

నరసింహారెడ్డి గారు బండి చుట్టూ ఒకసారి తిరిగారు. “బండి కొన్నరని విన్న. మంచిగనే ఉంది. ఇంతకీ మిమ్మల్ని అది తెచ్చిందా, దాన్ని మీరు తెచ్చిన్రా?” అన్నారు. పేర్లు పంపేది రేపు పది గంటలకని మాత్రం గుర్తుచేసి, జీపెక్కి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ రోజు నాలుగు రాళ్ళు పాతించాం. ప్రతి రాయీ నా చేతి మీదుగా పాతే ఆఖరి రాయే అనిపించింది.

సాయంత్రం పని దిగగానే మల్లయ్య నన్ను మూసాపేటలో యూసుఫ్ భాయ్ అనే మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు. ఇంజను పాడైందని, సిలిండరు విప్పి బోరు చేయాలని, వారం పడుతుందని అంటాడేమోననుకున్నాను. యూసుఫ్ భాయ్ ఇంజను మొహం కూడా చూడలేదు. వెనక చక్రం దగ్గర కూర్చుని, చైను తిరిగే పళ్ళచక్రాన్ని వేలితో తిప్పుతూ ఒక్కో పన్నూ లెక్కపెట్టాడు.

“ఎవలు నడిపిన్రు సాబ్ ఇది? హైవే మీద తిరిగేటాయనా?” అని అడిగాడు.

అవునన్నాను.

“అందుకే. పండ్లు తక్కువున్న చక్రం ఏయించుకున్నడు. సాఫ్ రోడ్డు మీద మైలేజీ మస్తొస్తది. చడావు మీద దమ్ముండదు. ఇంజన్ కడక్ ఉంది, ఫికర్ జేయకున్రి. కంపెనీ పండ్ల చక్రం ఏస్తే గుట్టెక్కుతది.”

నేను ఆదివారం చేసిన పరీక్ష గురించి చెప్పాను. యూసుఫ్ భాయ్ పానా కింద పెట్టి మరీ నవ్వాడు. “మీటర్‌కేం ఎర్క సాబ్? దాని తీగ ముందు చక్రానికుంటది. ఎన్క ఎన్ని పండ్లున్నా దానికి ఫరకే లేదు” అన్నాడు. మల్లయ్య నవ్వలేదు. నా మీద జాలిపడ్డాడేమో. గంటన్నరలో కొత్త పళ్ళచక్రం, కొత్త చైను పడ్డాయి. ప్రసాద్ అబద్ధమేమీ చెప్పలేదు. డెబ్భై అయిదు ఇస్తుందన్నాడు, ఇచ్చేదే. గుట్ట సంగతి అతన్ని నేను అడగలేదు.

మంగళవారం ఆరింటికే, సైటు మీద ఇంకా ఎవరూ రాకముందే, ఇద్దరం గుట్ట కింద నిలబడ్డాం. పెట్టె, స్టాండు, కడ్డీలు, మేకుల సంచి, ఏదీ తగ్గించలేదు. పైగా మల్లయ్య ఎందుకైనా మంచిదని దారిలో కనిపించిన ఒక హద్దురాయి ముక్కను కూడా సంచిలో వేశాడు. “ఎక్కితే గిన్నిటితోనే ఎక్కాలె” అన్నాడు. మొదటి గేరు వేసి వదిలాను. నిన్న ఆగిన చోటు వచ్చింది. వెనక చక్రం కంకర చిమ్మింది గాని, ఇంజను గొంతు మారలేదు. నిన్నటి నా బూట్ల గుర్తులు దాటి పైకి, ఇంకా పైకి, పద్నాలుగో రాయి దాటి పదిహేనో రాయి దగ్గర ఆపాను. వెనక నుంచి మల్లయ్య “ఎక్కింది సార్! ఎక్కింది!” అని అరుస్తున్నాడు, నాకు తెలియనట్టు. నేనూ అరిచాను. కింద డ్రిల్లింగు కూలీలు అప్పుడే వస్తూ మావైపు వింతగా చూశారు.

మళ్ళీ దిగాం, మళ్ళీ ఎక్కాం. మూడోసారి ఎక్కుతుండగా జీపు వచ్చింది. నరసింహారెడ్డి గారు కింద దిగి నిలబడి చూశారు. పైకి వచ్చాక జేబులోంచి కాగితం తీసి, జీపు బానెటు మీద పెట్టి, చివరి వరుసలో నా పేరు రాశారు. ఆ పక్కనే మల్లయ్య పేరు రాశారు. ఏడూ ఇరవైకి థియోడలైట్ బిగించాం.

ఆ రోడ్డు మీద మరో పద్నాలుగు నెలలు పనిచేశాను. ఆ తరువాత డిప్యూటీ ఇన్‌స్పెక్టరునై, కొత్తగా చేరిన సర్వేయర్లకు పని నేర్పే బాధ్యత కూడా మోశాను. వాళ్ళకి ఈ సంగతి చెప్పేవాణ్ణి. ఆ ఆదివారం నా కొలతలో తప్పు లేదు. కొలిచినవాడిదే తప్పు. నాకు కొలవడం వచ్చినదాన్ని ఎంతో శ్రద్ధగా కొలిచి, నాకు కావలసినదాన్ని కొలవకుండా వదిలేశాను. అది కొలవమని చెప్పిన మనిషిని, లెక్క తప్పుతుందని బండి ఎక్కనివ్వలేదు. అప్పటి నుంచి పెట్టె తెరిచే ముందు ఈ కొలత దేనికని అడగడం అలవాటు చేసుకున్నాను. చైన్‌మన్ ఏమంటున్నాడో వినకుండా, పదవీ విరమణ దాకా, ఏ పటం మీదా సంతకం చేయలేదు.