గుమ్మం బయట బూట్లు

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఆ పనికి నేనొక్కణ్ణే. స్టోరు వెనక చిన్న ఏసీ గది, అందులో రెండు కంప్యూటర్లు, నేను. ఉండేది పోతిరెడ్డిపల్లిలో కిరాయి గదిలో. అక్కడ కంప్యూటర్లు కూడా లేవు. పొద్దున బండి దగ్గర ఇడ్లీ అడిగాక, సాయంత్రం బస్సులో టికెట్ అడిగేదాకా నోరు విప్పే పని పడేది కాదు. ముక్కు మీద కోపం ఉన్నవాడి దగ్గరికి ఎవరొస్తారు? అది నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన పొద్దు పోదు కదా.

గది తలుపు మీద 'పాదరక్షలు బయట విడువవలెను' అని నేనే కాగితం అంటించాను. దుమ్ము పడితే కంప్యూటర్ చెడిపోతుందని అప్పట్లో అందరికీ భయం. మేనేజరు కూడా బూట్లు విప్పి, గుళ్లోకి వచ్చినట్టే వచ్చేవాడు.

తరచూ వచ్చేవాడు మాత్రం ఒక్కడే. డ్రయ్యర్ ఆపరేటరు, కొండాపూర్ వైపు రైతు, యాభై దాటినవాడు. అందరూ కాకా అంటే నేనూ కాకా అనేవాణ్ణి. తడి మందుపొడిని ఆరబెట్టే యంత్రాలు ఆయనవి. వేడి ఎంత దాటితే బజర్ మోగాలో చూసే ప్రోగ్రాం నాది. మందు మారినప్పుడల్లా ఆ హద్దు మారాలి. ఆ అంకె కోడ్ నడుమ ఎక్కడో ఇరుక్కుని ఉండేది, నేను తప్ప ఎవరూ మార్చలేరు.

కాకా బూట్లు బయట విడిచి వచ్చి, పని సంగతి ఎత్తకముందే "తిన్నరా సారు?" అనేవాడు. తర్వాత స్టూలు లాక్కుని, "గా మూడో నంబర్ డ్రయ్యర్‌ది జెర మార్చాలె" అనేవాడు. మార్చి, ప్రోగ్రాం మళ్లీ ఎక్కించేసరికి పావుగంట. ఆలోపు ఫ్లాస్కు మూతలో నాకు టీ, కందికి పురుగు పట్టిన సంగతి, బోరు ఎండిన సంగతి. నేను వింటూనే విసుక్కునేవాణ్ణి.

"కాకా, ఈ వారంలో ఇది నాలుగోసారి!"

"ఏం జెయ్యాలె సారు, మందు మారె."

ఆ విసుగులోంచే చిన్న లైబ్రరీ రాశాను. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ఏ ప్రోగ్రాంలోనైనా మళ్లీ మళ్లీ వాడుకునే కోడ్. ప్రోగ్రాంలో ఒక్కో రకం యంత్రానికి ఒక్కో అచ్చు ఉంటుంది, దాన్ని క్లాస్ అంటాం. ఆ క్లాసులో ఒక్క వరుస రాస్తే చాలు: సెట్టింగు పేరు, దాని మామూలు విలువ. ఎవరూ ఏమీ చెప్పకపోతే మామూలు విలువే నడుస్తుంది, చెబితే చెప్పింది నడుస్తుంది. మొదట్లో మూడో డ్రయ్యర్‌కు మారిస్తే అన్నిటికీ మారేది. ఆ తప్పు పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత ఏ యంత్రం విలువ దానిదే అయింది. ఇక ప్లాంటులో డ్రయ్యర్ల పక్కనున్న కంప్యూటర్ తెర మీదే కాకా అంకె మార్చుకోవచ్చు. మేనేజరు భుజం తట్టాడు. నాకు నేనే తెగ మురిసిపోయాను.

కాకా రావడం మానేశాడు. ఎందుకొస్తాడు? నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. వారం, రెండు వారాలు, నెల. గుమ్మం బయట నా హవాయి చెప్పులు తప్ప ఏమీ ఉండేవి కావు. టీవేళకి తలుపు వైపు చూడటం అలవాటైపోయి, నా మీద నాకే రోత పుట్టింది.

అప్పుడో పాడుపని చేశాను. బజర్ హద్దుకు పాస్‌వర్డ్ పెట్టాను. 'భద్రత' అంటే మేనేజరు తలూపాడు. ఇక అంకె మారాలంటే కాకా నా గదికి రావాల్సిందే.

మర్నాడే వచ్చాడు. తలుపు అద్దంలోంచి చూస్తున్నాను. మెట్టు మీద కూర్చుని, ఒక కాలు బారజాపి, పళ్లు బిగబట్టి లేసులు విప్పుతున్నాడు. చాలాసేపు పట్టింది. లోపలికొచ్చాక తిన్నరా అని అడగలేదు.

"కాలికేమైంది కాకా?"

"మోకాలు సారు. రెండేండ్ల సంది గిట్లనే. నడుస్త గని, వంగి బూట్లు ఇప్పాల్నంటే పానం పోతది. మీరు గా సెట్టింగు జేసినంక మా ఇంటిదానికి చెప్పిన, సారు నా మోకాలు సూసే చేసిండని. మల్ల తాళమెందుకు ఏసిన్రు?"

నేను ఆ మోకాలు ఎన్నడూ చూడలేదు. రెండేళ్లు ఎదురుగా కూర్చున్న మనిషి మోకాలు! అబద్ధం ఆడదామనుకున్నాను గానీ నోరు రాలేదు.

"నువ్వు రావట్లేదని కాకా."

కాకా నవ్వాడు. "గందుకా! మీ కాళ్లు మంచిగనే ఉన్నయ్ గద సారు."

అక్కడికక్కడే పాస్‌వర్డ్ తీసేశాను. మర్నాడు టీవేళకి మొదటిసారి ప్లాంటుకు బయలుదేరాను. వాకిట్లో వాచ్‌మన్ ఆపాడు. "చెప్పులతోని లోపలికి పోవద్దు సారు. బూట్లు ఏస్కోవాలె."

ఉద్యోగంలో చేరిన రోజు స్టోరువాళ్లు నాకూ ఒక జత ఇచ్చారు. ఆ పెట్టె బల్ల కిందే ఉంది, మూడేళ్లుగా దాని మీద కాళ్లు పెట్టుకుంటున్నాను. వెనక్కొచ్చి విప్పి చూస్తే, లేసులు ఇంకా రంధ్రాల్లోకి ఎక్కించి కూడా లేవు. కాకా బూట్లు విప్పుకున్న మెట్టు మీదే కూర్చుని, వంగి ఒక్కొక్కటే ఎక్కించాను. ఆయన ఫ్లాస్కు మూసేలోపు చేరుకోవాలని నా తొందర.