చప్పుడు లేని బండి

డెబ్బైలు ముగిసే రోజుల్లో మా ఎయిర్‌పోర్టుకు వారానికొక విమానం వస్తే అదే పండుగ. మిగతా రోజుల్లో అక్కడ దిగేవి కొంగలే. కొంగలకు సామాన్లుండవు కాబట్టి మాకు పని తక్కువ. సామాన్ల ట్రాలీని లాగే డీజిల్ ట్రాక్టరు మా మామది. మామది అంటే ఆయన కొన్నాడని కాదు, ఇంకొకరిని దాని మీద కూర్చోనియ్యడని. నాకూ బడికీ ఏడో తరగతిలోనే పొసగక విడిపోయాం. పిల్లనిచ్చిన పాపానికి మామ నన్ను కూడా అక్కడే హెల్పరుగా పెట్టించాడు.

ఆ మైదానం నిండా గడ్డి. కంచెకు అన్నీ కంతలే. మామ బర్రెలు పొద్దున్నే లోపలికి దూరి మేసి, రన్‌వే వెచ్చగా ఉంటుందని దాని మీదే పడుకునేవి. అవి ఎవరివో ఎయిర్‌పోర్టును చూసుకునే మా సారుకు మేం చెప్పలేదు. విమానం వచ్చే ముందు మామ ట్రాక్టరేసుకుని అటు ఒక చుట్టు తిరిగితే లేచి కంచె దాకా వెళ్లిపోయేవి. చప్పుడుకు బెదిరాయని సారు అనుకునేవాడు. అసలు సంగతేమిటంటే మామ రోజూ అదే ట్రాక్టరు మీద కుడితి డ్రమ్ము తెచ్చి కంచె దగ్గర పెట్టేవాడు. ఆ డుగుడుగు వింటే వాటికి నోరూరేది.

ఇట్లా సాగుతుండగా లారీ మీద బ్యాటరీ బండి దిగింది. పట్నంలోని పెద్ద ఎయిర్‌పోర్టులో వాడి వాడి, మోజు తీరాక మాకు పంపారు. నులక మంచానికి చక్రాలు పెట్టినట్టుంది. పొగ లేదు, చప్పుడు లేదు. కరెంటు మాత్రం తాగుతుంది. మా దగ్గరి కరెంటుతో దానికి ఉపవాసాలే ఎక్కువ.

కోస్తా నుంచి వచ్చిన మా సారు దాని చుట్టూ తిరిగి మురిసిపోయాడు.

"ఈసారి విమానానికి పనంతా దీంతోనే చేద్దాం. బాగుందంటే ట్రాక్టరును హైదరాబాద్ పంపించేస్తారు. డ్రైవరూ దానితోపాటే వెళ్లాలి," అన్నాడు. కొత్త బండి తోలమని నన్ను చూపించాడు.

మామకు వర్ధన్నపేట రోడ్డు మీద ఇల్లు, కాస్త పొలం, ఆ బర్రెలు, మా అత్తమ్మ. వీటిలో అత్తమ్మను విడిచి ఉండగలడేమో గానీ బర్రెలను విడిచి ఉండలేడు.

ఆ సాయంత్రం ఇంటి ముందు నన్ను చూడగానే అందుకున్నాడు. "ఏం అల్లుడా, పిల్లనిస్తే నన్నే పట్నం తోలుతానవా?"

"నన్నేమంటవు మామా? ఆ బండి నన్నడిగి వచ్చిందా?"

"రాలే. నువ్వు దాని మీద కూసుంటే మాత్రం పెండ్లిపిల్లగాని లెక్కనే ఉన్నవు."

అత్తమ్మ లోపలి నుంచి అరిచింది. "మీ బండ్ల లొల్లి ఆపుండ్రి! ఈయన పోతే బర్రెలకు కుడితి ఎవలు పెడ్తరు? నువ్వు పెడ్తవా అల్లుడా?"

నేను చెప్పులేసుకుని బయటపడ్డాను.

విమానం రోజు వచ్చింది. మామ షెడ్డులో ట్రాక్టరు పక్కన ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. నేను బ్యాటరీ బండి ఎక్కి రన్‌వే మీదికి పోయాను. బర్రెలు పడుకునే ఉన్నాయి. దగ్గరికి పోయాను. ఒక్కటీ చెవి కదపలేదు. బండికున్న బుల్లి గంట కొట్టాను. ఒకటి కళ్లు తెరిచి, ఇదేదో ఉప్పురాయి అనుకుందేమో, బండిని నాకడం మొదలుపెట్టింది.

అంతలో పైన విమానం మోత వినిపించింది. సారు గొడుగు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. బర్రెలు గొడుగును చూసి నెమరు వేశాయి. విమానం ఒక చుట్టు కొట్టింది, ఇంకో చుట్టు కొట్టింది.

"ఏమయ్యా, ట్రాక్టరు తియ్యి!" సారు షెడ్డు వైపు కేకేశాడు.

మామ లేవలేదు. "కొత్త బండి ఉన్నది గద సార్."

"విమానం వెనక్కి పోయేలా ఉందయ్యా!"

"పోతే నాకేంది సార్? నేనూ పోయెటోన్నే గద."

సారు చేతులు జోడించాడు. గొడుగుతో సహా. అప్పుడు లేచాడు మామ. ట్రాక్టరు డుగుడుగుమనగానే బర్రెలన్నీ ఒక్కసారి లేచి, తోకలాడిస్తూ, పెళ్లివారిలా దాని వెనకాల బారులు తీరాయి. విమానం దిగింది. నా బండి సామాన్లను చప్పుడు లేకుండా మోసుకొచ్చింది. అందులో దాని తప్పేమీ లేదు, బర్రెల దగ్గరే దానికి పలుకుబడి లేదు.

విమానం పోయాక సారు అలసిపోయి కుర్చీలో కూలబడ్డాడు. నేను ఎప్పటిలాగే చాయ పెట్టి ఇచ్చాను. పాలెక్కడివని ఆయన ఏనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"ట్రాక్టరు ఇక్కడే ఉండాలని రాస్తాను. డ్రైవరు కూడా," అన్నాడు.

నా ప్రాణం లేచొచ్చింది. ఆయన ఇంకో గుక్క తాగి, గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "చూడవయ్యా, మీ అత్తగారిని పాలు కాస్త చిక్కగా పొయ్యమను. మేత మన గడ్డే కదా."

ఉరికి పోయి మామకు రెండు ముక్కలూ చెప్పాను. ఉండిపోతున్నందుకు సంతోషిస్తాడనుకున్నాను. ఆయన నెత్తి రుమాలు తీసి నేలకు కొట్టాడు.

"నీళ్లు కలుపుతున్నమంటాండా? పట్నం తోలితే తోలుమను అల్లుడా, మా బర్రె పాలను మాటంటడా!"

మరునాడు అత్తమ్మ పంపిన చెంబులో పాలు చూశాను. సారు చాయ మీద మీగడ తేలింది.