బతికున్నవాడి మొలతాడు

సుక్కమ్మ కొడుకు నగేష్‌కు ఉరిశిక్ష పడిన మర్నాడు ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఆమె రొట్టెల పొయ్యి ముందు ఎన్నడూ లేనంత గిరాకీ అయింది. జొన్నరొట్టె మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. ఉరిశిక్ష పడినవాడి తల్లి మొహం ఎట్లా ఉంటుందో చూసిపోదామని వచ్చారు. ఆదిభట్ల కంపెనీ బస్సులు దిగిన పిల్లలు కూడా సెల్‌ఫోన్లు చూసుకుంటున్నట్టు నటిస్తూ ఆమెనే చూశారు. ఆమె తల ఎత్తలేదు. పిండి ముద్ద చేసుకోవడం, చేత్తో తట్టడం, పెనం మీద వేయడం, అంతే.

నా పేరు స్టెల్లా. ఆమె పొయ్యికి ఎదురుగా నా కుట్టుమిషన్ షాపు. నాకు నోరెక్కువని పేరు, అది ఊరికే రాలేదు. ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గురిని తిట్టి పంపాను. తినేవాళ్లు తినండి, సినిమా చూసేవాళ్లు టాకీసుకు పొండి అన్నాను.

నగేష్ అమాయకుడని నేను చెప్పబోవడం లేదు. నాదర్‌గుల్ వైపు ఒక వెంచర్‌లో వాచ్‌మన్ గుడిసె ఖాళీ చేయనన్నాడు. ప్లాట్ల సేటు మనుషుల్ని పంపాడు. వాళ్లలో పెట్రోలు పోసినవాడు నగేష్. లోపల ఎవరూ లేరనుకున్నామని కోర్టులో చెప్పాడు. లోపల వాచ్‌మన్, అతని భార్య, చంటిపిల్ల ఉన్నారు. ముగ్గురూ కాలిపోయారు. సేటు సాక్ష్యం లేక బయటికొచ్చాడు. గుడిసె ఉన్న చోట ఇప్పుడు రెండంతస్తుల ఇల్లు లేచింది. ఆ చంటిపిల్లను తలచుకుంటే నగేష్ మీద నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ మాట సుక్కమ్మ మొహం మీదే అన్నాను కూడా.

"అవ్ బిడ్డా, మండాలె. నాకు గూడ మండుతది" అంది ఆమె.

అందుకే ఆమెతో జైలుకు పోవడానికి ఒప్పుకున్నాను. ఆమెకు చదువు రాదు, పట్నంలో ఏ బస్సు ఎటు పోతుందో తెలియదు. కోడలు మనోజ ఆదిభట్లలో ఒక కంపెనీలో ప్యాకింగు పనికి పోయేది. సెలవు పెడితే పని పోతుందని ఆ పిల్లకు భయం. అదీగాక పెళ్లయి నిండా ఏడాది కాకముందే మొగుణ్ణి జైల్లో చూడాల్సి వచ్చిన పిల్లను ఎవరు బలవంతం చేస్తారు? జైలు పేరు చెప్పను. ఏ జైలైతే ఏం, గోడలు అంతే ఎత్తు ఉంటాయి.

ములాఖత్ దగ్గర ఇనుప జాలీ అవతలికి నగేష్‌ను ఒక్కణ్ణే తీసుకొచ్చారు. ముందు కేసు నడుస్తున్నప్పుడు నలుగురితో కలిసి నవ్వుకుంటూ వచ్చేవాడట. ఇప్పుడు వెనక ఇద్దరు వార్డర్లు. వాడు ఎడమ చేత్తో నడుము దగ్గర గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. నొప్పి ఏమన్నా ఉందా అని తల్లి అడిగింది.

"నొప్పేం లేదమ్మా. పైజామా జారుతది. నాడా ఇయ్యరు."

"మొలతాడుల దోపుకోరాదా?"

"గా మొలతాడు గూడ తెంపిన్రు" అన్నాడు నగేష్.

సుక్కమ్మ అక్కడే నేలమీద కూలబడింది. లేపడానికి నాకు, ఇంకొకామెకు చాతకాలేదు. నిజం చెప్పొద్దూ, నాకు మొదట చిరాకేసింది. కొడుక్కి ఉరి పడితే కూలబడని మనిషి, ఒక దారప్పోగు పోయిందని కూలబడటమేమిటి? మేం చర్చికి పోయేవాళ్లం, మా ఇంట్లో మగవాళ్లు మొలతాడు కట్టరు. తిరుగు బస్సులో ఆమె చెబితే అర్థమైంది. మగపిల్లవాడికి పురుడప్పుడు కట్టిన మొలతాడు ఇక తీయరట. పాతబడితే ముందు కొత్తది కట్టి తర్వాతే పాతది తెంపుతారట, ఒక్క క్షణమైనా నడుము ఉత్తగా ఉండకూడదు. తెంపి ఉత్త నడుముతో ఉంచేది రెండుసార్లే. భార్య పోయినప్పుడు, లేదా తనే పోయినప్పుడు, కాష్టం మీదికి ఎక్కించే ముందు.

"కోడలు నిమ్మళంగ ఉన్నది. మరి ఎవరు సచ్చినట్టు?" అని అడిగింది నన్ను.

తర్వాత తర్వాత పోయినప్పుడల్లా వాడు తనను పెట్టిన గది సంగతి కొంచెం కొంచెం చెప్పేవాడు. ఒక్కడికే ఒక గది. తినేదీ పడుకునేదీ దొడ్డికి పోయేదీ ఆ నాలుగు గోడల మధ్యే. రాత్రంతా లైటు నెత్తిమీద వెలుగుతూనే ఉంటుంది, ఆర్పమంటే ఆర్పరు. దుప్పటి మొహం మీదికి లాక్కుంటే వార్డరు చువ్వలు కొట్టి లేపుతాడు, బతికున్నాడో లేదో చూసుకోవాలి కదా. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు గోడల మధ్య తిప్పుతారు, అప్పుడు మిగతా ఖైదీలు అటువైపు రాకూడదు. తువ్వాలు పొడుగ్గా ఉంటే చింపి సగమే ఇస్తారు. బకెట్‌కు పట్టుకునే కమ్మీ పీకేశారు. మిగతావాళ్లకు మగ్గం పని, తోట పని ఉంటాయి. వీడికి ఏ పనీ లేదు, గోడను చూడటమే పని.

ఒకసారి జ్వరం వస్తే నలుగురు వార్డర్లు ఎత్తుకుని జైలు దవాఖానకు ఉరికారట. బయట ఉన్నప్పుడు వాడికి టైఫాయిడ్ వస్తే సర్కారు దవాఖానలో వరండాలో పడుకోబెట్టారు. ఇప్పుడు మాత్రం డాక్టరు పక్కన కూర్చుని నాడి చూశాడట. ఉరి తీయాల్సిన మనిషి జ్వరంతో పోతే సర్కారుకు ఎంత అవమానం!

సుక్కమ్మ జైలు ఆఫీసరును అడిగింది. ఆయన చెడ్డవాడేం కాదు, ఆమెకు కుర్చీ వేసి మంచినీళ్లు ఇప్పించాడు. కానీ దారం, తాడు, నాడా ఏదీ ఆ గదిలోకి పోదన్నాడు. నూలు దారానికి మనిషి వేలాడతాడా అని ఆమె అడిగింది. వేలాడినా వేలాడకపోయినా, తన చేతికింద చస్తే తన ఉద్యోగం పోతుందని ఆయన చెప్పాడు.

ఉచితంగా కేసు చూస్తున్న వకీలు వినోద్ కుమార్ ఇంకో మాట చెప్పాడు. హైకోర్టు ఖాయం చేసేదాకా ఈ శిక్ష పూర్తయినట్టు కాదట. పూర్తి కానివాణ్ణి ఒంటరి గదిలో పెట్టకూడదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పిందట. మరి ఎందుకు పెట్టారని నేను ఎగిరాను. అడిగితే వాళ్లు అది ఒంటరి గది కాదు, భద్రత గది అంటారని నీరసంగా నవ్వాడు. దరఖాస్తు పెడతానన్నాడు. అందులో మొలతాడు సంగతి మొదట రాయమంది సుక్కమ్మ. ఆయన నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. దరఖాస్తు పెట్టాడు. అది వాయిదాల మీద వాయిదాలు తిరిగింది.

ఆమె చేసిన పొరపాటు ఒక్కటే. ఏడుపు కడుపులో పెట్టుకోలేకపోయింది. రొట్టెకు వచ్చిన ప్రతివాళ్లకూ ఉరి గురించి కాకుండా మొలతాడు గురించి చెప్పుకుంది. బతికుండగానే తెంపారు, బతికుండగానే తెంపారు అని. ఆ మాట బస్సెక్కి జల్‌పల్లిలో మనోజ పుట్టింటికి చేరింది.

ఒక ఆదివారం మనోజ మేనమామ సిద్దయ్య ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని దిగాడు. కులంలో పెద్దమనిషి. తెల్లచొక్కా ఇస్త్రీ చెక్కుచెదరలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆలి బతికుండంగ మొగోని మొలతాడు తెగిందంటే, మొగోడు పోయినట్టే లెక్క. నువ్వే నలుగురికి చెప్పినవ్ గదా చెల్లె" అన్నాడు సుక్కమ్మతో.

నేను ఊరుకోలేదు. జైల్లో బతికి అన్నం తింటున్న మనిషిని చంపడానికి నువ్వెవరివి, జడ్జివా అని అడిగాను. ఇది మా కులం ముచ్చట, నీకెందుకమ్మా అన్నారు. మనోజ మెడలో పుస్తెలు తీశారు, కాలి మెట్టెలు తీశారు. ఆ పిల్ల వాళ్లను పిలవలేదని నాకు తెలుసు, వద్దనలేదనీ తెలుసు. ఇరవై ఏళ్ల పిల్ల, కంపెనీలో పక్క పిల్లలు 'ఉరోని పెండ్లాం' అని వెనకాల అనుకుంటుంటే ఎన్ని రోజులు తల వంచుకుంటుంది? తప్పు పట్టడానికి నాకు మనసొప్పలేదు. వాళ్లతో పుట్టింటికి పోతూ పోతూ గడప దగ్గర అత్త కాళ్లు ముట్టుకుంది.

సుక్కమ్మ ఏడవలేదు. సిద్దయ్య దారికి అడ్డంగా నిలబడి, మళ్లీ మొలతాడు కడితే ఏమంటావని అడిగింది. ఆయన నలుగురి ముందూ పెద్దరికం చూపించుకోవాలి కదా. "కట్టినంక చెప్పు. పిల్లను నేనే తోలుకొస్త. మాటంటే మాటే" అన్నాడు. జరిగేది కాదని ధీమా.

ఆ రోజు నుంచి సుక్కమ్మకు ఉరి కన్నా మొలతాడే పెద్ద కేసయింది. అది నడుముకెక్కితే కొడుకు బతికినట్టు, కోడలు తిరిగొచ్చినట్టు. దానికోసం నల్ల నూలు తనే పేనింది. నా మిషన్ దారం ఇస్తానంటే వద్దంది.

ఏడాది దాటాక హైకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చింది. నగేష్‌ను మామూలు బ్యారక్‌లోకి మార్చారు. రొట్టెల దగ్గర అందరూ ఆమెను మెచ్చుకున్నారు, కొడుకును గెలిపించుకున్నావన్నారు. మొదటి రోజు మొహం చూడటానికి వచ్చినవాళ్లే వాళ్లు. ఆమె ఆ మొలతాడును కొంగున కట్టుకుని నాతో జైలుకు బయలుదేరింది. బస్సులో రెండుసార్లు ముడి విప్పి చూసుకుంది.

బ్యారక్‌లో దారానికి అభ్యంతరం లేదన్నారు. వార్డరు దాన్ని అటూ ఇటూ లాగి చూసి లోపలికి ఇచ్చాడు. నగేష్ బాగా బక్కచిక్కాడు. వెలుతురు ఎక్కువున్నట్టు కళ్లు చికిలిస్తున్నాడు. పక్కన ఇంకో ఖైదీ గట్టిగా మాట్లాడితే ఉలిక్కిపడుతున్నాడు. ఎడమ చేత్తో ఇంకా పైజామా పట్టుకునే ఉన్నాడు. నాడా ఇంకా ఇవ్వలేదా అని నేనడిగాను. ఇచ్చారట, తనే లాగి పారేశాడట.

సుక్కమ్మకు ఆ మాట చెవికెక్కలేదు. కట్టుకోరా, ఇప్పుడే నా కళ్ల ముందు కట్టుకో, సిద్దయ్య మాటిచ్చాడు, మనోజ వస్తుంది అని గబగబా చెప్పింది. వాడు ఆ దారాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. జాలీ సందులోంచి దాన్ని వెనక్కి తోశాడు.

"నాకొద్దమ్మా. గా రూముల పండుకుంటే కండ్లు మూసినా తెరిసినా తాడే కనవడేది. ఇప్పుడు నడుముకు ఏది తగిలినా మెడకు తగిలినట్టే అయితుంది. ఏ తాడూ వద్దు నాకు."

ఆమె బతిమాలింది. తిట్టింది. ములాఖత్ అయిపోయిందని వార్డరు వాణ్ణి తీసుకుపోయాడు.

ఉరి తీయలేదు కాబట్టి సర్కారు మనసు మంచిదని ఎవరన్నా అంటే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. తీయకుండానే తీశారు. ఆ వాచ్‌మన్ పిల్లకు దీనివల్ల ఒరిగిందేమిటో కూడా నాకెవరూ చెప్పలేదు.

తిరుగుదారిలో జల్‌పల్లిలో దిగుదామంది సుక్కమ్మ. దిగే ముందు నేనే చెప్పాను. "కట్టుకున్నడని చెప్పు పెద్దమ్మా. జైలుకు పోయి ఎవడు నడుము చూస్తడు?" ఆమె వినీ విననట్టు నడిచింది.

సిద్దయ్య ఇంటి ముందే ఉన్నాడు. హైకోర్టు సంగతి వినే ఉన్నట్టున్నాడు, మమ్మల్ని చూడగానే మొహంలో రంగు మారింది. మనోజకు వేరే సంబంధం మాట్లాడుతున్నారని నాకు ముందే తెలుసు. ఆ పిల్ల తలుపు పట్టుకుని నిలబడింది. మాటిచ్చిన మనిషి గనక అడగక తప్పలేదు, కట్టుకున్నాడా అని మెల్లగా అడిగాడు. వెనక్కి తెచ్చిన మొలతాడు సుక్కమ్మ కొంగున మళ్లీ ముడేసి ఉంది. ఆమె ఆయన వంక చూడలేదు, మనోజ వంకే చాలాసేపు చూసింది.

"కట్టుకోలే. నువ్వన్నదే నిజం అన్నా, నా కొడుకు పోయిండు. పిల్లకు పెండ్లి చేసుకోండ్రి."

మనోజ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. సిద్దయ్య ఏదో అనబోయాడు. మేం ఆగలేదు.

ఇంటికి వచ్చాక ఆమె గడప లోపల అడుగు పెట్టలేదు. చావింటి నుంచి వచ్చినట్టు వాకిట్లోనే కూర్చుని, తలమీద నీళ్లు పోయమంది. నీళ్లు నేనే తోడి పోశాను.