కళ్ళు తెరవని ఒహాయో

తాయిఫ్ కొండల మీద, విదేశీ కుటుంబాలు నివసించే ఒక ప్రాంగణంలో చిన్న పాఠశాల ఉన్నది. ఆ పాఠశాల నడవాలోని పొడవైన గోడ ఇప్పుడు తెల్లగా ఉన్నది. దానికి తెల్లరంగు పూసినవాడు బాలన్న. అంతకుముందు దానిమీద ఒక రాష్ట్రపు ప్రముఖులందరినీ చిత్రించినవాడూ బాలన్నే.

అతడు మెట్‌పల్లి దగ్గరి పల్లెవాడు. వారిది నకాషీ కుటుంబం. ఊరూర తిరిగి కథలు చెప్పేవారికి పొడవైన గుడ్డ మీద వరుసగా గడులు కట్టి బొమ్మలు వ్రాసి ఇవ్వడం వారి ఇంటి వృత్తి. కథలు వినేవారు తగ్గిపోగా బొమ్మలు అడిగేవారూ లేకపోయినారు. రంగుల పని దొరుకుతుందన్న ఆశతో సౌదీకి వచ్చిన బాలన్న ఇఖామా కార్డు మీద, అంటే అక్కడ నివసించేందుకు ఇచ్చే అనుమతి చీటీ మీద, ‘ఆమిల్’ అని పడింది; అనగా కూలివాడు. ఆ ఒక్క మాటతో అతడు నీటి తొట్లలోకి దిగి పాచి గీకేవాడైనాడు. తొట్లలో చల్లే మందు ఘాటుకు ఛాతీలో చేరిన దగ్గు మరి వదలలేదు.

ఒకనాడు పంపు గది తలుపు మీద, మిగిలిన రంగుతో అతడు వ్రాసిన ఎర్ర గుర్రాన్ని పాఠశాల ప్రధానాచార్యురాలు చూచింది. ఆమె అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు ఆడపడుచు. తన రాష్ట్రంలో పుట్టిన, పెరిగిన ప్రముఖులను పిల్లల కళ్ళ ఎదుట నిలపాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. తన కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న భీమవరపు కొర్నేలు చేత బాలన్నకు కబురు పంపింది.

“నీ దశ తిరిగింది బాలన్నా,” అన్నాడు కొర్నేలు. “వచ్చే నెల మొదటి ఆదివారం మన స్కూలు డైరెక్టర్ గారొస్తారు. గోడ ఆయనకు నచ్చిందా, స్కూలే నీ కఫాలా తీసుకుంటుంది, నీ పూచీ ఇక వాళ్ళదే. కార్డు మీద ‘రస్సాం’ అని మారుస్తారు. అంటే చిత్రకారుడివి.”

“నచ్చకుంటె సార్?”

“మీ కంపెనీకి ఇక్కడ కాంట్రాక్టు అయిపోతోంది కదా. మీ వాళ్ళందర్నీ నజ్రాన్ తోలేస్తారంట, డ్రైనేజీ పనికి.”

బాలన్న కొంతసేపు దగ్గి, తరువాత అన్నాడు: “బొమ్మలకేంది, రాస్త. గని కథలు చెప్పున్రి.”

“కథలేంటయ్యా! ఫోటోలు ప్రింటు తీసి ఇస్తున్నాగా, అలాగే దించెయ్.”

“ఫోటోల మొఖముంటది సార్. మనిషుండడు.”

కొర్నేలు తెలిసినంత చెప్పాడు. మిలన్ అనే చిన్న ఊళ్ళో పుట్టి దీపాలు వెలిగించిన ఎడిసన్. డేటన్‌లో సైకిళ్ళ దుకాణం నడుపుతూ ఆకాశానికెగిరిన రైట్ సోదరులు. చంద్రుని మీద తొలి అడుగు వేసిన ఆర్మ్‌స్ట్రాంగ్. క్లీవ్‌లాండ్‌లో పెరిగి పరుగుపందేలలో లోకాన్ని గెలిచిన ఓవెన్స్. తుపాకి గురికి పేరుమోసిన ఆనీ ఓక్లీ.

“గీమె ఎవలను కాల్చింది సార్?”

“ఎవర్నీ కాదు. ఆటల్లో గురి చూసి కొట్టేది.”

“మంచిదే. మా ఇంటామె పోశమ్మకు తుపాకిస్తె ముందుగాల మొగణ్ణే కొడ్తది.”

గోడ నిండా ఎర్రని అడుగు రంగు పూసి, పూల అంచుతో గడులు కట్టి, బాలన్న వారిని ఒక్కొక్కరినే నిలబెట్టినాడు. రైట్ సోదరుల ఒక చేత సైకిలు, ఒక చేత రెక్క. చిన్నవాని మీసం చూచి కొర్నేలు పకపక నవ్వాడు.

“ఇదేం కోరమీసమయ్యా! కాకతీయ రాజనుకున్నావా?”

“గాలిల ఎగిరినోని మీసం సార్. పైకి లేవకుంటె ఎట్ల?”

తొట్ల పని మాత్రం తప్పలేదు. అది ముగించుకొని వచ్చి, ఆరని బట్టలతోనే కుంచె పట్టేవాడు. ఆ రోజులలో దగ్గు కూడా కొంత నెమ్మదించినట్లుండేది. చివరి పనికి సన్నని కుంచె కావలసి, ప్రాంగణంలో తిరిగే పిల్లి తోక నుంచి నాలుగు వెంట్రుకలు కత్తిరించుకొన్నాడు. పాకిస్తానీ మేస్త్రీ నౌమాన్ అది చూడనే చూచాడు.

“అరే బాలన్! బిల్లీ కో భీ నహీఁ ఛోడా? సూప్ బనాయేగా క్యా?” పిల్లితో సూపు చేస్తావా అని అతని ఎకసెక్కెం.

ఆ కుంచె కళ్ళకు. బాలన్న తండ్రి నేర్పిన పద్ధతిలో బొమ్మకు కళ్ళు అన్నిటికన్న చివర. స్నానం చేసి, ఉపవాసముండి, కొబ్బరికాయ కొట్టి, ప్రొద్దు పొడిచే వేళ అన్ని ముఖాలకు ఒకే విడతలో కళ్ళు పెట్టాలి. అందాక ముఖాలు పరుల కంట పడకుండా గుడ్డ కప్పి ఉంచాలి. బడికి సెలవైన శుక్రవారం అందుకు అనువైనదని అతడు నిశ్చయించుకొన్నాడు.

“ఆ కళ్ళేవో గురువారమే పెట్టేసెయ్ బాలన్నా. చివరిదాకా టెన్షనెందుకు?”

“పిల్లలు తిరుగంగ కండ్లు తెరిపియ్యరు సార్. మా నాయిన ఒప్పుకోడు.”

“మీ నాన్న పోయి ఎంతకాలమైందయ్యా?”

“అందుకే సార్. బతికుంటె అడిగి మార్చుకుందును.”

డైరెక్టరు ప్రయాణం మారి గురువారమే వచ్చినాడు. బాలన్న ఆ సమయంలో తొట్టిలో ఉన్నాడు. ప్రధానాచార్యురాలు సంబరంతో, తానే స్వయంగా గుడ్డ లాగివేసింది.

కనుబొమల క్రింద తెల్లని ఖాళీలతో ఒహాయో ప్రముఖులు వరుసగా నిలిచి ఉన్నారు. డైరెక్టరు ముఖం మారింది. ప్రాణుల రూపాలు గీయరాదని భావించేవారు కొందరు బొమ్మలకు కళ్ళు లేకుండా వదలుతారని ఆయన విని ఉన్నాడు. ఎవరో అభ్యంతరం చెప్పగా ఈమె సగంలో ఆపించి, ఆ సంగతి తనకు దాచినదని ఆయన తలచాడు.

“ఎవరు వద్దన్నారు?” అని అడిగాడు.

ఎవరూ అనలేదని ఆమె చెప్పింది. కళ్ళు ఎందుకు లేవో ఆమెకూ తెలియదు. కొర్నేలు పరుగున పోయి బాలన్నను పైకి రప్పించాడు. నీళ్ళోడుతున్న బట్టలతో వచ్చిన బాలన్న, తొలగిన గుడ్డను చూచి, దానిని తీసి మడత పెట్టినాడు.

“కండ్లు రేపు వెడ్త సార్,” అన్నాడు. “రేపు పొద్దుగాల. అంత తయారున్నది. రేపు వద్దంటె ఇప్పుడే వెడ్త.”

కొర్నేలు దానిని ఇంగ్లీషులో చెప్పాడు. డైరెక్టరు శ్రద్ధగానే విన్నాడు, దుర్మార్గుడు కాడు. అయితే ఆయన జాగ్రత్తపరుడు. ఇటువంటి వాటికి సంజాయిషీలు చెప్పుకొనే అవసరమే రాకూడదనీ, గోడ తెల్లగా ఉండడమే మేలనీ, కావాలంటే తాయిఫ్ గులాబీల పటాలు కొని తగిలించవచ్చుననీ తేల్చివేశాడు. ప్రధానాచార్యురాలి ఉద్యోగం ఆయన చేతిలోనిది. ఆమె సరేనని తల ఊపింది.

తెల్లరంగు పూసే పని కంపెనీకి వచ్చింది. ఆ కంపెనీలో కుంచె పట్టనేర్చినవాడు బాలన్న ఒక్కడే.

శనివారం ఉదయం కొర్నేలు ఫోను పట్టుకొని వచ్చాడు. “ఒక్కదానికైనా కళ్ళు పెట్టు బాలన్నా. ఫోటో తీసుకుంటాను. రేపెవరికైనా చూపించి నీ కోసం అడగొచ్చు.”

“వద్దు సార్. కండ్లు తెరిపిచ్చినంక తుడిస్తె పానం తీసినట్టె. ఇప్పుడైతె ఉత్త రంగు.”

పూల అంచుతో మొదలుపెట్టి, సైకిలునూ తుపాకినీ చంద్రుణ్ణీ కప్పుకొంటూ పోయి, ముఖాలను చివరికి పూసినాడు. పూసినకొద్దీ ఎరుపు తెలుపులోనుంచి పైకి వచ్చింది.

“లాల్ దిఖ్ రహా హై,” అన్నాడు నౌమాన్, నెమ్మదిగానే. “ఏక్ హాథ్ ఔర్ మార్, భాయ్.”

బాలన్న ఇంకొక పూత పూసినాడు. సాయంత్రం కుంచెలన్నీ కడిగి వరుసగా ఆరబెట్టినాడు. పిల్లి వెంట్రుకల కుంచెకు మాత్రం రంగే అంటలేదు.

నజ్రాన్‌లో అతనికి మురుగు కాలువల పని. దగ్గు మళ్ళీ ముదిరింది. కొత్త గదిలో పక్క మంచం వాడు, నిర్మల్ నుంచి వచ్చిన భూమేష్, మొదటినాడే పలుకరించాడు.

“తాయిఫ్‌ల ఏం పని చేసినవే అన్నా?”

“గోడకు తెల్లరంగేసిన,” అన్నాడు బాలన్న, గోడవైపు తిరిగి పడుకొంటూ.