ఇడ్లీ బండి బుచ్చవ్వ ఫోటో

మమ్ముల కన్న మా అవ్వ దినాల నాడు మా అన్న నరేందర్ పెద్ద ఫోటో తెచ్చి కుర్చీల పెట్టి దండేసిండు. మా బండి పక్కన పూలమ్మే మంగవ్వ దాని దిక్కు జరసేపు చూసి నా చెవుల అడిగింది.

"ఎవలే బిడ్డా ఈమె?"

నా ఒళ్లు భగ్గుమన్నది. ఏండ్ల సంది మా అవ్వ పక్కన కూసొని పూలు అల్లిన మనిషే గుర్తువట్టకపోతే, ఆ ఫోటో ఎవలిదనుకోవాలె? పిండి పూసినట్టు తెల్లటి మొకం. ఒక్క ముడత లేదు. పెదవులకు గులాబి రంగు. దవడ మీద సాంబారు చింది కాలిన మచ్చ ఉండె, అది మాయం. ముక్కుపుల్ల సుత ఆ తెలుపుల కలిసిపోయింది. చీర ఒక్కటే మా అవ్వది.

"అన్నా, ఏందిది?" అన్న.

"మంచిగొచ్చింది గదా? అమీర్‌పేట కలర్ ల్యాబ్‌ల చేయించిన," అన్నడు మురుసుకుంట.

చచ్చినోళ్ల కండ్లు చారెడంటరు. గీడ కండ్లు గాదు, మొత్తం తోలే మార్చిండ్రు! నలుగురి ముంగట లొల్లి ఎందుకని పండ్లు కొరుక్కుంట కూసున్న. గా తెల్లామెకు నేను మాత్రం మొక్కలే.

మా అవ్వ బుచ్చవ్వ నలుపు. చామనఛాయ, గీమనఛాయ అని నేను తిప్పి చెప్ప. నలుపే. సిరిసిల్లల మా నాయిన రాజనర్సయ్య బట్టలు నేసే సాంచెల మీద పనిచేస్తుండె. పెండ్లి చూపుల్ల మా నాయనమ్మ "పిల్ల పనిమంతురాలే గని జర నలుపు" అన్నదంట. గా మాట మా అవ్వ సచ్చేదాక మర్వలే. నాయిన ఊపిరి జబ్బు వడి పోయినంక మమ్ముల ఇద్దర్ని తీస్కొని బోరబండకొచ్చింది. ముందుగాల బీడీలు చేసింది. తర్వాత పంజాగుట్టల పెద్ద దవాఖాన సందు మొగన ఇడ్లీ బండి పెట్టింది. రాత్రి డ్యూటీ దిగిన నర్సులు, సెక్యూరిటోళ్లు, లోపట ఎవలికో బాగలేక బయట పడిగాపులు పడేటోళ్లు, అందరు మా బండి కాడికే వస్తుండ్రి. ఆ బండి మీదనే అన్న డిగ్రీ చదివిండు, అమీర్‌పేటల ప్లాట్లమ్మే ఆఫీసుల మేనేజరైండు. నేను బండి కాడనే ఉండిపోయిన. అది నాకు ఇష్టమే.

గిరాకీ వాళ్లు అవ్వను ఏమని పిలుస్తుండ్రి? "నల్లవ్వా, రెండు ప్లేట్లు!" ఆమె నవ్వుతుండె. అందరు ఆ నవ్వే చూసిండ్రు. ఎవరన్న ఫోన్ తీసి ఫోటో అనంగనే ఆమె చేసే పని నేను చూసిన. కొంగు మూతికడ్డం వెట్టుకొని వెనకకు తిరుగుతుండె. "నేనొద్దు, నల్లగొస్త. మీరు దిగుండ్రి," అంటుండె. ఎట్లనో గుంజుకొచ్చి నిలవెడితే, మా అన్న ఫోన్ చూసి, "అవ్వ నల్లగొచ్చింది, ఇంకోటి తియ్యి," అని అది తీసేస్తుండె. అవ్వ ముంగటనే! ఇంటుండంగనే!

తెల్లారి బండి ఎత్తంగనే ల్యాబ్‌కు పోయిన. అమీర్‌పేటల కోచింగ్ బోర్డుల కింద సందుల సందు, దాంట్ల రెండో అంతస్తు. కంప్యూటర్ ముంగట ఒక పిల్ల కూసొని ఉంది. పేరు మంజుశ్రీ. ఫోటోలు సాపు చేసేది ఆమెనే.

"మా అవ్వను పాడు చేసింది నువ్వేనా?" అని మెట్ల మీదికెళ్లే ఒర్రుకుంట పోయిన.

ఆ పిల్ల భయపడలే. ఫైలు తీసి చూసింది. "అక్కా, కూసో. మీ అన్న తెల్లగ చెయ్యమన్నడు. గీడికొచ్చే ప్రతి ఒక్కలు గదే అడుగుతరు. పెండ్లి ఫోటోకు మేము 'ఫెయిర్' బటన్ ఒకసారి ఒత్తుతం. సచ్చిపోయినోళ్ల ఫోటోకు రెండుసార్లు ఒత్తమంటడు మా ఓనరు. ఏడ్సేటోళ్లు గప్పుడు మెచ్చుకుంటరట."

"మీ ఓనర్ మొకం మండ! రెండుసార్లు ఒత్తుతే మనిషి మిగులుతదా?"

"మిగలదు," అన్నది ఆ పిల్ల. గంత సీదా చెప్తదని నేను అనుకోలే.

"అయితే ఎనకకు ఒత్తు. మా అవ్వను మల్ల నల్లగ చెయ్."

మంజుశ్రీ తెర మూలకు ఒక చిన్న డబ్బ తెరిచింది. దాంట్ల కొండ తీరు ఒక బొమ్మ. "దీన్ని హిస్టోగ్రామ్ అంటరు అక్క. ఫోటో అంటే లక్షల చుక్కలు. ఏ చుక్క ఎంత నలుపు, ఎంత తెలుపు అని ఏరి, ఒక్క తీరువి ఒక్క కాడ కుప్ప పోస్తే గీ బొమ్మ వస్తది. ఎడమ చివర కటిక నలుపు, కుడి చివర సున్నం తెలుపు. ఏ రంగువి ఎక్కువుంటే ఆడ కుప్ప అంత ఎత్తుగ లేస్తది."

నాకు సమజైంది. ఇస్కూల్ల ప్రార్థనకు పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలవెడితే, ఏ ఎత్తోళ్లు ఎక్కువుంటే ఆ వరుస పొడుగైతది గదా, అట్ల.

"మరి మా అవ్వ కుప్ప ఏది?"

ఆమె వేలు పెట్టి చూపించింది. నడిమిట్ల ఏం లేదు. కుప్పంత పోయి కుడి గోడకు ఒత్తుకొని సన్నటి గీత తీరు నిటారుగ లేచి ఉంది. "మొకంల చుక్కలన్ని గీడున్నయి. ముడతల చుక్కలు, మచ్చ చుక్కలు, ముక్కుపుల్ల చుక్కలు, అన్నిటికి ఒక్కటే తెలుపు. ఏది ఏందో కంప్యూటర్‌కు సుత తెల్వదు. ఇప్పుడు నేను నలుపు దిక్కు జరిపితే తెల్ల అట్ట బూడిద అట్ట అయితది. అంతే. మచ్చ తిరిగి రాదు."

బోనాలప్పుడు బల్కంపేట ఎల్లమ్మ కాడ జనాన్ని వెనకకెళ్లి నూకుతే కట్టెల కంచెకు ఒత్తుకపోతరు చూడుండ్రి, గప్పుడు ఎవలి చెయ్యి ఎవలిదో తెల్వదు. మా అవ్వ మొకాన్ని అట్ల నూకిండ్రు.

"మీరు పాడు చెయ్యకముందు అసలు ఫోటో ఉంటది గదా? అది తియ్."

తీసింది. అది ఇంకింత కడుపు మండించింది. అన్న బిడ్డ ఫంక్షన్ల తీసిన ఫోటో. ఫోన్ల మొకం నున్నగ చేసే బ్యూటీ మోడ్ పెట్టి, మీద లైటు కొట్టి, దగ్గరికెళ్లి తీసిండ్రు. దాని కుప్ప సుత గోడకే ఒత్తుకొని ఉంది. "మా బటన్‌కు ముందే మీ ఫోను ఒత్తింది అక్క," అన్నది మంజుశ్రీ. అంటే మా అవ్వకు అసలు ఫోటోనే లేదు! గంత బతుకు బతికిన మనిషికి ఒక్క నిజం ఫోటో లేదు.

నేను లేవబోతుంటే ఆ పిల్ల నా చెయ్యి వట్టింది. "నల్లగొచ్చింది ఏమన్న ఉంటే తే అక్కా. ఎంత చీకటున్న ఫర్వాలేదు. గోడకు ఒత్తుకపోయిన తెలుపుల ఏం మిగలదు. నలుపుల మస్తు దాగుంటది, జర పైకి లేపితే కనవడ్తది. వాట్సాప్‌ల వచ్చింది కాదు, తీసినోళ్ల ఫోన్ల ఉన్న అసలుది కావాలె."

నల్లగొచ్చినయన్ని తీసేసిన మహానుభావుడు మా అన్ననే గదా! సక్కగ అన్న ఇంటికి పోయిన. హాల్ల టీవీ మీద ఆ తెల్లామె వేలాడుతుంది. అన్న సోఫాల ఉన్నడు. వదిన చాయ్ తెచ్చింది, నేను ముట్టలే.

"అన్నా, అవ్వ నల్లగున్న ఫోటో ఒక్కటన్న నీ కాడ ఉన్నదా?"

"అవన్ని ఎప్పుడో తీసేసిన. ఎందుకే?"

"ఎందుకా? కాకిపిల్ల కాకికి ముద్దంటరు. మా ఇంట్ల పిల్లకు కాకి పనికిరాకపోయె! ఇంటికి నలుగురొస్తరని, నల్లటి తల్లిని గోడకు పెట్ట శాతగాక, ఎవలో తెల్లామెను తెచ్చి అమ్మ అంటున్నవా? సిగ్గులేదా నీకు?"

అన్న లేచి నిలవడ్డడు. వాని గొంతు సుత లేచింది. "నోరు మూస్కో నిరోషా! నేను నా కొరకు చేసిన్ననుకున్నవా? దవాఖాన్ల ఉన్నప్పుడు అవ్వనే అడిగింది. 'నేను సస్తే జర తెల్లగున్న ఫోటో పెట్టురా, నలుగుట్ల నగుబాటు చెయ్యకు' అన్నది. నేనేం చెయ్యాలె? సచ్చేటామె మాట కాదనాల్నా?"

నేను వంద తిట్లు మూట గట్టుకొని పోయిన, ఆ ఒక్క మాటతోని అన్ని లోపలనే ఉండిపోయినయి. మెట్లు దిగుకుంట ఏడ్సిన. మా నాయనమ్మను తిట్టిన. నల్లవ్వా అని పిలిచిన గిరాకీ వాళ్లను తిట్టిన. ఇంకోటి తియ్యి అన్న మా అన్నను తిట్టిన. అందరు కలిసి సచ్చేటప్పుడు సుత ఆమెను తన మొకం అడగనియ్యలే. తెల్లగుండాలని ఆమె అడిగింది గని, అట్ల అడిగేటట్టు చేసింది మనమే గాదా?

తెల్లారి బండి కాడ గిన్నెలు దబదబ వెడుతుంటే సాయిలన్న వచ్చిండు. ఆటో నడుపుతడు, రోజు పొద్దుగాల మొదటి ప్లేటు ఆయనదే. "ఏందమ్మా, ఇయ్యాల గిన్నెల మీద వడ్డవు?" అన్నడు. ఉన్నదంత కక్కిన.

ఆయన ఇడ్లీ పక్కకు పెట్టి ఫోన్ తీసిండు. "నా కాడ ఒకటి ఉండాలె. పోయిన చలికాలం తీసిన. గని అది ఫోటోనా ఏంది? అంత చీకటి."

నిజంగనే చీకటి. ఇంక తెల్లారలే, లైటు స్తంభం ఆరిపోయి ఉంది. కింద గ్యాస్ మంట నీలంగ, మీద ఆవిరి తెల్లగ, నడుమ ఒక నల్లటి ఆకారం. మొకమున్న కాడ మసి. ఇంకో రోజైతే నేనే తీసేద్దును.

బండి ఎత్తంగనే సాయిలన్నను, ఆటోను, ఫోన్‌ను అన్నిటిని గుంజుకొని ల్యాబ్‌కు పోయిన. మంజుశ్రీ చిన్న డబ్బ తెరిచింది. కుప్పంత ఎడమ దిక్కున్నది, గని నేను భయపడ్డట్టు గోడకు ఒత్తుకొని లేదు. జర సందుంది. "బతికింది అక్కా," అన్నది. మెల్లగ, ఒక్కో కొస పట్టి జరిపింది. 'ఫెయిర్' బటన్ దిక్కు చెయ్యి సుత పోనియ్యలే.

మసిల నుంచి ముందుగాల ముక్కుపుల్ల మెరిసింది. తర్వాత దవడ. దవడ మీద మచ్చ. నుదుటి మీద మూడు గీతలు. ఫోటో మీద రవ్వ పోసినట్టు గరుకు గరుకు చుక్కలు లేచినయి. లేవనియ్యి. మొకం నల్లగనే ఉంది, నిగనిగ. కండ్లు వచ్చినంక నేను తెర మీద చెయ్యి పెట్టిన.

మా అవ్వ సక్కగ ఇటే చూస్తుంది. మూతికి కొంగు అడ్డం లేదు. ఎనకకు తిరగలే. పండ్లు కనవడేటట్టు నవ్వుతుంది.

"సాయిలన్నా, గిట్లెట్ల నిలవడ్డది?" అన్న. "ఫోన్ తీస్తే మొకం దాచుకునే మనిషి!"

సాయిలన్న కండ్లు తుడుసుకున్నడు. "నేను ఫోటో అంటే, 'తియ్ తియ్, గింత చీకట్ల నేనేడ వస్త' అన్నదమ్మా."

కనవడనని అనుకున్నది గన్కనే అవ్వ ఒక్కసారన్న ధైర్యంగ నిలవడ్డది. నాకు కోపంల ఏడుపొచ్చింది, ఏడుపుల మల్ల కోపమొచ్చింది. ఓనరు వచ్చి "జర తెల్లగ చెయ్యమ్మా," అన్నడు. "నువ్వు ఆమె మీద చెయ్యి వేస్తే చూడు!" అన్న. ఆయన లోపలికి పోయిండు.

ఫోటో ఒకటి అన్నకు పంపిన. చూసిండు. ఇంకోటి పటం కట్టించి బండికి పైన, ఇడ్లీ కుక్కర్ ఎనక తగిలిచ్చిన. పొద్దుగాల వచ్చిన నర్సులు ప్లేటు పట్టుకొనే మొక్కిండ్రు. మంగవ్వ ఎవలని అడగలే. మల్లెపూల దండ తెచ్చి తానే వేసింది.

ఆదివారం పొద్దున మా అన్న వచ్చిండు. మేనేజరైనంక బండి కాడికి రాని మనిషి. ఇస్త్రీ అంగీతోని, కారు దూరంగ ఆపి, వచ్చి ఫోటో ముంగట నిలవడ్డడు. నేను పల్లి చట్నీ కలుపుకుంట ఓరకంట చూస్తున్న.

"ఇంట్ల ఫోటోకు రోజు అగర్బత్తి ముట్టిస్తున్ననే," అన్నడు, నా దిక్కు చూడకుండ. "రోజు నిలవడ్తున్న. అవ్వ సచ్చిపోయిందంటే ఏడుపు వస్తలేదు నాకు. ఏమైందో అనుకున్న."

అని, నడి బజార్ల, ప్లేట్లు పట్టుకున్నోళ్లందరి ముంగట, "అవ్వా" అని ఒక్కటే ఏడుపు.

నా కోపం ఇంక సల్లారలే. "గిరాకీకి అడ్డం నిలవడకు, జరుగు," అన్న.

జరగలే.