పిడుగు బిళ్లల బాబాయి

శుక్రవారం పొద్దున్నే జగ్గయ్యపేట నుంచి ఫోన్ వచ్చింది. బాబాయి పోయారని ఆయన కూతురు చెప్పింది. తెల్లవారుజామున నమాజుకి లేపబోతే లేవలేదట. వస్తున్నానని చెప్పి, స్టవ్ మీది పాలు దించి, కాసేపు వంటింట్లోనే కూలబడిపోయాను. ఏడుపు రాలేదు. డెబ్భై దాటిన మనిషి పోతే లోకం ఆశ్చర్యపోదు, నేనూ పోలేదు. ఆయనకి చెప్పాల్సిన మాటొకటి నా దగ్గరే మిగిలిపోయింది, అంతే.

ఆయన నాకు చుట్టం కాదు. నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య హైవే పక్కనున్న ఫ్యాక్టరీలో ఆయన ఫర్నేస్ ఇన్‌ఛార్జి, నేను టెస్టింగ్ సెక్షన్. అందరూ బాబాయి అంటుంటే నేనూ అన్నాను. జింక్ ఆక్సైడ్ పొడిలో ఇంకొన్ని పొళ్లు కలిపి, బిళ్లలుగా నొక్కి, ఫర్నేస్‌లో కాలుస్తాం. అరచేతిలో పట్టే నల్లటి బిళ్లలు. వాటిని దొంతరగా పేర్చి గొట్టంలో బిగిస్తే, సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడి పిడుగుపాటును భూమిలోకి పంపేస్తాయి. చుట్టుపక్కల వాళ్లు మాది పిడుగు బిళ్లల ఫ్యాక్టరీ అంటారు.

చేరిన మొదటిరోజు ఆయన నన్ను ఏ ఊరని అడిగారు. చందర్లపాడు అన్నాను. అయితే ఎండకి భయం లేదులే అని నవ్వి, ఒక బిళ్ల నా చేతిలో పెట్టారు. డిగ్రీలో చదువుకున్నా అది ఎలా పనిచేస్తుందో నాకు అర్థంకాలేదని మొహం చూసి కనిపెట్టినట్టున్నారు.

"మీ ఊరి చెరువుకి అలుగు ఉంటది కదమ్మా. మామూలు రోజుల్లో అదుందనే ఎవరికీ గుర్తుండదు. వరదొచ్చినప్పుడు నీళ్లు దానిమీంచి పోబట్టే కట్ట నిలబడుద్ది. ఇదీ అంతే."

ఆ తర్వాత ఎన్ని ట్రైనింగులకి పంపినా నాకు అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఫర్నేస్ దగ్గర ఆయన తొందరపడగా నేను చూడలేదు. ట్రాలీ బయటికొచ్చాక ఒక్కో బిళ్లనీ గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. ఖంగుమంటే పక్కన పెట్టేవారు, బొంగురుగా పలికితే డబ్బాలో పడేసేవారు. ప్రొడక్షన్ వాళ్లు వేడి తొందరగా దించమని పోరుతుంటే, "కాలటం దేనికైనా వచ్చుద్దండి. చల్లారటమే చేతకావాలి" అనేవారు. చివరికి ఆ మాట మా ఇళ్లల్లో కోపాలకి కూడా వాడుకున్నాం.

ఇక ఆ బ్యాచ్ సంగతి చెప్పాలి. ఒక మే నెలలో, మధ్యాహ్నం, బిళ్లలు ఫర్నేస్‌లో ఉండగా కరెంటు పోయింది. జనరేటర్ వెంటనే అందుకోలేదు. లోపలి వేడి పడిపోయింది. బాబాయి రిజిస్టర్‌లో ఆ సంగతి రాసి, బ్యాచ్ మొత్తం పగలగొట్టాలన్నారు. బిళ్లలు చూడ్డానికి బాగానే ఉన్నాయి. నేను చేసే మామూలు టెస్టులన్నీ తట్టుకున్నాయి. ఆర్డర్ అప్పటికే ఆలస్యమైంది, మేనేజర్ గారు నా బల్ల పక్కనే నిలబడ్డారు. బాబాయి మాత్రం ఇరవై బిళ్లల్లోకి పిడుగంత కరెంటు పంపి పెద్ద టెస్టు చేసి చూడమన్నారు. అది పూటంతా పట్టే పని.

"రీడింగులు బాగున్నాయి బాబాయ్" అన్నాను.

"నువ్వు కొలిచింది నిజమేనమ్మా. కొలవనిదాని గురించి నేను చెప్తున్నా."

బ్యాచ్ బాగుందని కాగితం మీద నేను సంతకం పెట్టేశాను. మేనేజర్‌కి భయపడ్డానని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, నిజానికి ఆ రోజు నేను అలిసిపోయాను. ఇంటికి పోవాలనిపించింది, అంతకుమించి ఏమీ లేదు. ఆయన ఫర్నేస్ వైపు వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి టెస్టింగ్ గది మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఇరవై బిళ్లలున్న ట్రే. లారీ మధ్యాహ్నానికి గానీ రాదని, ఇవి నిలబడితే లోడింగ్‌కి తనే చెయ్యి వేస్తానని అన్నారు. నేను తలుపు తీసి మిషన్ ఆన్ చేశాను. మూడో బిళ్ల టప్పుమని రెండుగా చీలింది. మొత్తం ఏడు పోయాయి. ఆ చప్పుళ్లన్నీ మెట్టు మీదికి వినపడుతూనే ఉన్నాయి, కానీ ఆయన లోపలికి తొంగి చూడలేదు.

నా కాగితం నేను వెనక్కి తీసుకోవడానికి వెళ్లాను. మరి నిన్న ఎందుకు సంతకం పెట్టావని మేనేజర్ గారు అడిగారు. వెనకే వచ్చిన బాబాయి, "ఫర్నేస్ నాది సార్. జనరేటర్ ముందే చూసుకోవాల్సింది నేను. అమ్మాయిదేం లేదు" అన్నారు.

బ్యాచ్ పగలగొట్టారు. నెల తిరక్కుండా ఆయన్ని ఫర్నేస్ నుంచి తీసి స్టోర్‌లో వేశారు. రిటైరయ్యే దాకా అక్కడే నట్లూ బోల్టులూ ఇస్తూ కూర్చున్నారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నా సంతకం గురించి ఆయన ఇంట్లో కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది. స్టోర్ కిటికీ దగ్గరికి వెళ్లి ఎలా ఉంది బాబాయ్ అంటే, "నీడపట్టున ఉన్నా, ఇంకేం కావాలి" అనేవారు. అది నన్ను తేలికపరచడానికో, నిజంగానే అలిసిపోయో, నాకు ఇప్పటికీ తెలియదు.

రెండు నెలల కిందట చూడ్డానికి వెళ్లినప్పుడు, ఈసారి చెప్పేయాలనుకున్నాను. "ఆ బ్యాచ్ విషయం బాబాయ్..." అని మొదలుపెట్టాను. "ఏ బ్యాచ్?" అని, నా మోకాళ్ల నొప్పి ఎలా ఉందో అడిగారు. నిజంగానే మర్చిపోయారా అని మొహంలోకి చూశాను. ఏమీ కనపడలేదు. నొప్పి గురించి చెప్పి, పిన్ని ఇచ్చిన టీ తాగి, బస్సెక్కేశాను.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకి ఆయన్ని తీసుకెళ్లారు. ఆడవాళ్లం ఇంట్లోనే ఉన్నాం. పిన్ని గోడకి ఆనుకుని కూర్చుంది, నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి లేచి గుమ్మంలోకి వెళ్లాను. జనం భుజాల మీద జనాజా అప్పటికి సగం వీధి దాటింది.

వీధి చివర స్తంభానికి నిచ్చెన వేసుకుని లైన్‌మన్ ఒకతను తీగ సరిచేస్తున్నాడు. జనం దగ్గరికి రావడం చూసి దిగాడు. చేతి తొడుగులు తీసి జేబులో కుక్కుకుని, ముందుకొచ్చాడు. మోస్తున్నవాళ్లలో ఒకరు పక్కకి జరిగి చోటిచ్చారు. పోయిందెవరో అతను అడిగినట్టు లేదు. మలుపు దాకా బాబాయిని భుజాన మోసి, ఇంకొకరికి అందించి, వెనక్కి వచ్చి తొడుగులు వేసుకుని మళ్లీ నిచ్చెన ఎక్కాడు.