చక్కెరకేళి గెల ఎవరికి?

కొవిడ్‌కి ముందు ఏడాది ఎండాకాలం. రాజమండ్రిలో నా క్లినిక్, సరిగ్గా ఎదురుగా నా క్లాస్‌మేట్ మూర్తి క్లినిక్. ఇద్దరం గ్యాస్ట్రో డాక్టర్లమే. వాడి గుమ్మం ముందు విడిచిన చెప్పులు మెట్లు దిగి రోడ్డు దాకా వచ్చేవి. నా గుమ్మం దగ్గర ఏ జత ఎవరిదో ఒక్క చూపులో చెప్పేయొచ్చు. అసూయ ఉండేదా అంటే, ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఆ రోజుల్లో సత్తిబాబు అనే రావులపాలెం అరటి వ్యాపారి భార్యతో వచ్చాడు. మనిషి ఎండిపోయి ఉన్నాడు.

"ఎదురు డాక్టరుగారి మందులే వాడుతున్నానండి. కడుపులో పుండు మానుతుంది, మందు ఆపితే మళ్ళీ వస్తుంది. పైగా విరేచనాలు. ఆయన దగ్గర తగ్గలేదండి."

ఆ చివరి మాట నా చెవిలో తేనె పోసినట్టుంది. మూర్తికి అంతుచిక్కనిది నా చేతికి చిక్కింది! ఈ పొట్ట సంగతేదో తేల్చి తీరాలనుకున్నాను.

ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూస్తే, చిన్నపేగులో చాలా కిందదాకా పుళ్ళున్నాయి. మామూలు పుళ్ళు అంత దూరం పోవు. వదిలేస్తే పేగుకి చిల్లు పడి ప్రాణం మీదికి వస్తుంది.

మన జీర్ణాశయం గోడల్లో పెరైటల్ కణాలు ఆమ్లం తయారుచేస్తాయి. వాటిని తట్టి లేపే హార్మోన్ గ్యాస్ట్రిన్. ఆమ్లం చాలినంత చేరగానే సొమాటోస్టాటిన్ అనే ఇంకో హార్మోన్ "ఇక చాలు" అంటుంది, గ్యాస్ట్రిన్ తగ్గిపోతుంది. ఆమ్లం తగ్గించే మందులు కూడా గ్యాస్ట్రిన్‌ని పెంచుతాయి కనుక, సత్తిబాబుని ఆసుపత్రిలో ఉంచి, జాగ్రత్తగా వాటిని ఆపి పరీక్ష చేయించాను. ఆమ్లమూ ఎక్కువే, గ్యాస్ట్రినూ ఎక్కువే. ఎవరు చాలన్నా వినని గ్యాస్ట్రిన్ ఎక్కడినుంచో వస్తోందన్నమాట. స్కానింగుల్లో దొరికింది, చిన్నపేగు గోడలో దాన్ని వదులుతున్న శనగగింజంత కణితి.

"క్యాన్సరా అండీ?" అంది ఆయన భార్య మంగ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"చిన్నదిగా ఉండగానే దొరికిందమ్మా. తీయించేద్దాం."

ఆపరేషన్ అయింది. పుళ్ళు మానాయి. సత్తిబాబుకి బుగ్గలొచ్చాయి. కొన్ని నెలలకి ఇద్దరూ ఆటోలో వచ్చి నాకు మామూలు కర్పూరం అరటిగెల దింపారు. ఆటోలో ఇంకో గెల మిగిలింది. మేలిరకం చక్కెరకేళి.

"అదెవరికమ్మా?"

"మూర్తిగారికండి. మమ్మల్ని మీ దగ్గరకి పంపింది ఆయనే కదండీ."

సత్తిబాబు కళ్ళతోనే ఆపబోయాడు. ఆవిడ ఆగలేదు.

"ఇదేదో మామూలు పుండు కాదు, కూర్చుని వెతకాలి, నాకు తీరికుండదు, వాడికుంటుంది అన్నారండి. నేను పంపానని చెప్పకండి, నా దగ్గర తగ్గలేదని మాత్రం చెప్పండి, ఇక మీ పొట్టని జల్లెడ పట్టేస్తాడు అన్నారండి."

రోడ్డుకి అటువైపు మూర్తి మెట్లు దిగి వచ్చి గెల అందుకున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఒళ్ళు మండిపోయింది.

పెరైటల్ కణానికి గ్యాస్ట్రిన్ ఎంతో నాకు మూర్తి అంత అని ఆ రోజు తెలిసింది. నన్ను ఎక్కడ తడితే పని జరుగుతుందో వాడికి బాగా తెలుసు. ఆ తెలివి వల్ల ఒక మనిషి బతికాడు, కాదనను. చక్కెరకేళి మాత్రం న్యాయంగా నాదే.